సున్నా ఉన్న వరస

నేను ఒక స్క్రిప్టును, కంప్యూటర్లో వరసగా నడిచే కొన్ని ఆదేశాల చిట్టాని. అణువుల లోపలి లెక్కలు కట్టే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటుంది. మనుషులు చేతులు నొప్పెట్టకుండా దానికి అణువుల్ని వరసగా అందించి, జవాబులు పట్టుకొచ్చే పని నాది.

నన్ను రాసినవాడు శ్రీకర్, ల్యాబులో పరిశోధక విద్యార్థి. వాడు లెక్క కట్టించినవి రంగుల అణువులు, వాటికి విద్యుదావేశం ఉండదు. అందుకని ఆవేశం సున్నా అని నాలో పాతేశాడు. ఎలక్ట్రాన్లు జతపడలేదని సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే, ఒకటి ఒంటరిదని చెప్పి నడిపించెయ్యమని నేర్పాడు. ఎవరికీ చెప్పమనలేదు. ఉద్యోగం రాగానే వెళ్ళిపోయాడు.

తర్వాత అదే ల్యాబులో చేరిన సువార్త చేతికొచ్చాను. నల్లగొండ వైపు అమ్మాయి. ఆమె కూతురు రూతుకి పళ్ళు గారకట్టాయి, మోకాళ్ళు వంగడం మొదలైంది. బోరునీళ్ళలో ఫ్లోరైడు. దాన్ని పట్టి ఉంచే అణువు కావాలి ఆమెకు. నన్ను తెరిచి చదవలేదు, అణువుల పేర్లు మార్చి నడిపింది.

నీళ్ళలోని ఫ్లోరైడుకు ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ. నా సున్నా దాన్ని ఊడబెరికింది. సాఫ్ట్‌వేర్ మొరాయించింది, నేను నేర్చినట్టే సర్దేశాను. లెక్క కట్టింది ఫ్లోరైడుకి కాదు, కనబడ్డదాన్నల్లా కరిచే ఫ్లోరిన్‌కి. ఒక అణువు దాన్ని గట్టిగా పట్టేస్తుందని జవాబు అద్భుతంగా వచ్చింది. సువార్త సంతోషంతో ఏడ్చింది.

వేసవంతా కష్టపడి ఆ అణువుని పొడిగా తయారుచేసింది. నీళ్ళు పరీక్షించే మీటరు రిపేరుకెళ్ళింది. తల్లి మనసు ఆగలేదు. పొడిని ఇంట్లోని కుండ ఫిల్టర్లో పోసింది.

"అత్తమ్మా, ఇగ క్యాన్ నీళ్ళొద్దు. పాపకి ఇవే తాపియ్యి."

"ఇన్నేండ్ల సదువుకు ఇయ్యాల కుండల పని దొరికిందా బిడ్డా!" అని నవ్వింది ముసలామె. కోడలి మీద నమ్మకంతో తనూ అవే తాగింది.

చలికాలానికి మీటరొచ్చింది. బోరులో ఎంతుందో ఫిల్టర్లోనూ అంతే ఉంది.

"మరి గిన్నాళ్ళు తాపినయి ఏం నీళ్ళే?" అంది ముసలామె.

అప్పుడు సువార్త ఇంట్లోనే ల్యాప్‌టాప్‌లో నన్ను తెరిచి, మొదటినుంచీ చదివింది. సున్నా తీసేసి మైనస్ ఒకటి పెట్టింది. సాఫ్ట్‌వేర్ ఈసారి కిక్కురుమనలేదు. బుద్ధిగా చిన్న జవాబిచ్చింది: ఆ పొడి ఫ్లోరైడుని పట్టదు.

నన్ను చెరిపేస్తుందనుకున్నాను. చెరపలేదు. ఇంకో అణువు పేరు రాసింది.

ఎదురుగా రూతు గోడ పట్టుకుని వంటింట్లోకి పోతోంది. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఆ చప్పుడు ఆగేదాకా సువార్త నన్ను నడిపే మీట నొక్కలేదు.