తెర లేని పెట్టె

కోటిలింగం గారి ఎరువుల కొట్లో కంప్యూటర్ మొరాయిస్తే, జగ్గయ్యపేట మొత్తం మీద పిలుపు వెళ్ళేది ఒక్క సాయిప్రసాద్‌కే. "ప్రసాదూ, ఒకసారి వచ్చిపో" అంటే చాలు, తింటున్న అన్నం ముందు నుంచి లేచి వెళ్ళేవాడు. సొంత బాబాయి కాకపోయినా బాబాయి గారనే పిలిచేవాడు. అలాంటిది, నందిగామలో రెండో కొట్టు తెరవగానే ఆయన ఆ ఊరి కంప్యూటర్ కుర్రాడు శ్రీకర్‌ని తెచ్చి కూర్చోబెడితే ఒళ్ళు మండదూ మరి!

రెండువేల ఏడు ఎండాకాలం అది. జగ్గయ్యపేట కొట్లో మూలనపడ్డ పాత కంప్యూటర్‌ని శ్రీకర్ దుమ్ము దులిపి, అందులో లినక్స్ ఎక్కించాడు. బొమ్మల్లేవు, మౌస్ లేదు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే. దాని మీద లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టాడు. ఎవరైనా ఇంటర్నెట్ నుంచి ఊరికే దింపుకుని వాడుకోవచ్చట. పనవగానే మానిటర్ పీకి పక్కన పెట్టేశాడు. ఇక రెండు కొట్ల బిల్లులూ ఈ పెట్టెలోకే వచ్చి చేరతాయన్నాడు.

"ఊరికే వచ్చిందాన్ని నమ్ముకుంటే ఇంతే సంగతులు" అని సాయిప్రసాద్ గొణిగాడు. ఎవరు వింటారు?

"అబ్బ, ఏం బుర్రయ్యా నీది!" అన్నారు కోటిలింగం గారు శ్రీకర్‌తో. ఆరేళ్ళు చాకిరీ చేసినా సాయిప్రసాద్‌ని ఒక్కసారన్నా ఆ మాట అన్నారా?

ఆయన గల్లా దగ్గరికి వెళ్ళాక శ్రీకర్ ఇటు తిరిగాడు. "అన్నా, ఇది రాత్రీ పగలూ నడుస్తూనే ఉండాలి. ఉన్నట్టుండి కరెంటు తీస్తే లెక్కలు పాడైపోతాయి. ఇక్కడి పద్ధతులు మీకు తెలుసుగా, నేను చూసుకోవాల్సిందేమన్నా ఉందా?"

ఉంది. ఎప్పుడో పక్కవీధిలో పత్తి గోడౌన్ షార్ట్ సర్క్యూట్‌తో తగలబడినప్పట్నుంచీ, కొట్టు కట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుని మెయిన్ లాగేయందే కోటిలింగం గారు గడప దాటరు. యూపీఎస్ కీచుమంటే దాని పీకా నొక్కేస్తారు. తెర వెలుగుతుంటే ముందు పద్ధతిగా ఆపిస్తారు. తెరే లేని పెట్టె నడుస్తోందని ఆయనకేం తెలుస్తుంది?

"ఏం లేదు" అన్నాడు సాయిప్రసాద్. చెబితే మంచిపేరు వాడికేగా. తగలడనీ!

వారం తిరక్కుండానే లెక్కలు తెరుచుకోవడం మానేశాయి. కబురు అందగానే సాయిప్రసాద్ లోలోపల పండగ చేసుకుంటూ పరిగెత్తాడు. అప్పటికే శ్రీకర్ బస్సు దిగి వచ్చి, పెట్టెకి మళ్ళీ మానిటర్ తగిలించి కూర్చున్నాడు. ఇంకో గంటలో బాగైపోతుందంటున్నాడు.

"రోజూ మెయిన్ తీసేస్తున్నారాండీ?"

"తీయక? నా అలవాట్లు మా ప్రసాద్‌కి తెలియనివా! ప్రమాదమని తెలిస్తే ఆ రోజే చెప్పేవాడు. నువ్వే వాడితో ఓ ముక్క అని ఉండవు" అన్నారు కోటిలింగం గారు.

శ్రీకర్ తలెత్తాడు. "నేను చెప్పలేదా అన్నా?"

మా ప్రసాద్ అన్నారు. కొట్టు నిండా ఉన్న రైతుల ముందు అన్నారు. ఆ మాట వదులుకోవడానికి సాయిప్రసాద్‌కి ప్రాణం ఒప్పలేదు.

"చెప్పలేదు" అన్నాడు.

శ్రీకర్ పని సగంలోనే వదిలేసి, సంచీ భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టాడు.

"పోతే పోయాడు, నువ్వుండగా నాకేం లోటు?" అంటూ కోటిలింగం గారు కుర్చీ జరిపి, సాయిప్రసాద్‌ని కూర్చోబెట్టి, వెనకే నిలబడ్డారు. ఎదురుగా కర్సర్ కొట్టుకుంటోంది. ఏం టైప్ చెయ్యాలో సాయిప్రసాద్‌కి ఒక్క ముక్క తెలీదు.

"కానీ ప్రసాదూ, రైతులు నిలబడున్నారు. ఎంతసేపట్లో అవుద్ది?" అన్నారాయన.