బబ్బెర్ల కుండ

నా మనవరాలిని నాకు కాకుండా చేసింది చిగుర్ల ఈదయ్య. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఈదయ్య చెంచు. నల్లమల నుంచి వచ్చాడు. అడవిలో ఉండేవాళ్లు తమకు తెలిసింది పిల్లలకు ఎలా అందిస్తారో చూపించమని, పంజాగుట్టలో మా యశస్విని చదివే బడివాళ్లు ఆయన్ను ఆరు శనివారాలకు పిలిపించారు. తేనె ఎలా తీస్తారో, గడ్డ తవ్వాక తీగ మొదలు మళ్లీ మట్టిలో ఎందుకు పెడతారో నాలుగో తరగతి పిల్లలకు చెప్పాడు. చెప్పడం తక్కువ. చేసి చూపిస్తాడు, పిల్లలు నోరు మూసుకుని చూస్తారు. మా ఇంట్లో ఆ పిల్ల నోరు ఎన్నడూ మూతపడదు.

అమీర్‌పేట నుంచి ఆమెను బడికి తీసుకెళ్లేది నేను, తీసుకొచ్చేది నేను. కొడుక్కీ కోడలికీ ఆఫీసులు. నా భార్య పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి పిల్లకు జడ కూడా నేనే వేస్తున్నాను. వంకరగా వస్తుంది. అయినా వేస్తాను.

ఆయన వచ్చిన రెండో వారం, బడి వదిలాక మెట్రో కింద రోడ్డు దాటాలి. రోజూ నా వేలు పట్టుకునే పిల్ల పరుగెత్తి ఈదయ్య చెయ్యి పట్టుకుంది.

"తాతా, నువ్వు జర ఆగు. ఈదయ్య తాతకు గీ బండ్లంటే భయం. దాటించి వస్త."

ఆ బండ్లంటే నాకూ భయమే. నన్నెవరూ అడగలేదు.

ఈదయ్య ఇంట్లో ఒక పద్ధతి ఉందట. ఏదైనా నేర్పేటప్పుడు అది తనకు ఎవరు నేర్పారో చెప్పాలి. వాళ్లకు ఎవరు నేర్పారో అదీ చెప్పాలి. పేరు చెప్పకపోతే దొంగతనం కింద లెక్క. పిల్ల అన్నం తింటూ అప్పజెప్పేది. "తేనె తీసుడు ఈదయ్య తాతకు వాళ్ల మామ బయన్న నేర్పిండు. బయన్నకు వాళ్ల నాయిన గురవయ్య నేర్పిండు." మా నాన్న పేరు అడిగితే మాత్రం తడుముకుంటుంది.

నాలుగో వారం నేను వాళ్ల టీచర్ సుమశ్రీ దగ్గరికి పోయాను.

"ఆయనేమన్న పైనుంచి ఊడిపడ్డడా మేడం? మాకు సుత ఎరుకే. నేను సుత వచ్చి నేర్పుత."

"అయ్యో, తప్పకుండా రండి రాజనర్సయ్య గారూ. ఏం నేర్పుతారు?"

"విత్తనం దాచుడు."

ఆ మాట విని యశస్విని నా మెడకు వేలాడింది. "మా క్లాస్‌కే వస్తవా తాతా? నిజంగ?" అలా వేలాడి ఎన్ని రోజులైందో నాకు తెలుసు.

కుండ కొన్నాను. బబ్బెర్లు, అంటే అలసందలు, మూడు రోజులు మేడ మీద ఎండబెట్టాను. బూడిదకు ఇస్త్రీ బండి మహేశ్ దగ్గరికి పోయాను.

"ఏం పెద్దాయనా, గిన్నెలు తోముతున్నవా?"

"బడిల పాఠం చెప్పాలె."

"గీ బూడిదతోనా? గీ వయసుల పంతులువైతున్నవ్! మస్తు." బొగ్గుముక్కలు జల్లించి మరీ ఇచ్చాడు.

శనివారం నలభై మంది పిల్లలు. యశస్విని ముందు వరసలో కూర్చుంది. ఈదయ్య ఒక మూల నేల మీద కూర్చున్నాడు. నేను ఒక గింజ కొరికాను. టక్కుమని విరిగింది. అలా విరిగితేనే ఎండినట్టు అని చెప్పి తలా ఒక గింజ ఇచ్చాను. గది నిండా టక్కుటక్కులు. రిషి అనే పిల్లవాడు "తాతా, ఇరిగింది గింజ కాదు, నా పన్ను" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పురుగు పట్టకుండా బూడిద కలిపాను. కుండలో వేపాకు ఒక వరస, గింజలు ఒక వరస వేశాను. మూతికి గుడ్డ కట్టి మట్టి మెత్తాను. యశస్విని నన్ను చూస్తోంది. నోరు మూసుకుని చూస్తోంది.

ఈదయ్య లేచి వచ్చి కుండ తట్టి చూశాడు. "మంచిగున్నదన్నా. నీకు ఎవరు నేర్పిన్రు?"

నాకు ఎవరూ నేర్పలేదు. నా భార్య ఏటా చేసేది. నేను సనత్‌నగర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి చూసేవాణ్ణి. "బస్తీల ఏడ విత్తుతవే?" అని నవ్వేవాణ్ణి. ఆమె మూతికి మట్టి మెత్తుకుంటూ పోయేది.

ఇప్పుడు ఆమె పేరు చెప్పాలి. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆ పేరు నా నోట రాలేదు. ఏమే అన్నాను, ఇగో అన్నాను, కొడుకు పుట్టాక అనుదీప్ వాళ్లమ్మ అన్నాను. మా వైపు మగవాడు నలుగురిలో పెళ్లాం పేరు పలకడు. పైగా ఈదయ్యకు మామలూ తాతలూ నేర్పితే, నాకు పెళ్లాం నేర్పిందని చెప్పాలా?

"మా నాయిన కొమురయ్య" అన్నాను. "ఆయనకు వాళ్ల నాయిన."

ఈదయ్య తల ఊపాడు. యశస్విని లేచి నిలబడింది.

"కాదు. అది నానమ్మ చేసేది. నాకు సుత చూపించింది. తాత నవ్వుతుండె."

నా వైపు చూడలేదు. ఈదయ్య వైపు తిరిగి చెప్పింది. "నాకు నానమ్మ బుచ్చమ్మ నేర్పింది. బుచ్చమ్మకు వాళ్లమ్మ సాయవ్వ నేర్పింది. సాయవ్వకు వాళ్లత్త ఎల్లవ్వ నేర్పింది."

సాయవ్వ మా అత్తగారు. ఎల్లవ్వ ఎవరో నేను వినలేదు. నలభై ఒక్క ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు చెప్పని పేరు, నా భార్య అప్పటికి ఏడేళ్లున్న పిల్లకు చెప్పి పోయింది.

"ఆ పేర్లు మీరు సుత అనున్రి" అన్నాడు ఈదయ్య. నలభై మంది అన్నారు. బుచ్చమ్మ, సాయవ్వ, ఎల్లవ్వ. నేను లేను అందులో.

ఇంటికి వస్తుంటే పిల్ల కుండను రెండు చేతులతో పట్టుకుంది. నా వేలు పట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు.

"తాతా, నానమ్మ పేరు మర్చిపోయినవా?"

కోపంగా అడగలేదు. జాలిగా అడిగింది.

"నడువు" అన్నాను.

ఈదయ్య తన ఆరు వారాలు ముగించుకుని వెళ్లిపోయాడు. ఆయన పోతే నా కడుపుమంట చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. అది ఆయన మీది మంట కాదని ఇప్పుడు తెలుసు. బతికున్నన్నాళ్లు నా వెనకే నడిచిన మనిషి, పోయాక పిల్లను తీసుకుని ముందుకు నడిచింది.

అనుదీప్ రెండుసార్లు అడిగాడు, బడిలో ఏం జరిగిందని. చెప్పలేదు. ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇక దీని గురించి ఎవరితోనూ మాట్లాడను. ఆ పిల్ల అడిగినా మాట్లాడను.