తీసేసిన రెండు లైన్లు

నాగమణిని చంపింది బాలేష్. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. రాసుకోనీ.

2004. మేడ్చల్ మందుల కంపెనీలో తడి పొడిని ఆరబెట్టే డ్రయరుకు కంప్యూటరు డ్రైవరు, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాము, రాసింది ఆమె భర్త సిద్దిరాములు. దేవరయాంజాల్ సర్కారు బడిలో చదివినవాడు. లోపల వేడెంతని డ్రైవరు సెన్సారును అడుగుతుంది. సెన్సారు అంకె చెబుతుంది. తీగ తెగితే మాత్రం మైనస్ ఒకటి వస్తుంది. అది వచ్చిందేమో చూసి, వస్తే హీటరు ఆపి గంట మోగించేవి రెండే లైన్లు.

దసరాకు ఆయుధపూజ. సిద్దిరాములు సెలవులో ఉన్నాడు. డ్రయరుకు పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశారు. దండ బరువుకు సెన్సారు తీగ వదులై, మైనస్ ఒకటి వచ్చి గంట మొదలైంది. పంతులు మంత్రం ఆపాడు. అపశకునమన్నారెవరో. యజమాని ప్రతాప్ ముఖం మాడిపోయింది. అతని బామ్మర్ది బాలేష్ కంప్యూటరు ముందు కూర్చుని ఆ రెండు లైన్లూ తీసేశాడు. పూజ సాఫీగా ముగిసింది. లైన్లు మళ్లీ పెట్టలేదు.

పదహారో రోజు తీగ పూర్తిగా తెగింది. సెన్సారు మైనస్ ఒకటి అంటూనే ఉంది. వినే దిక్కు లేదు. మైనస్ అంకెలు చూపని తెర మీద పాత అరవై డిగ్రీలే నిలిచాయి, ఇంకా వేడి చాలదన్నట్టు హీటరు కాలుతూనే ఉంది. ఆ డ్రయరు దగ్గరే పనిచేసే నాగమణి అరవై చూసి తలుపు తీసింది. మంట ఎగిసి మీద పడింది.

పదకొండో దినం నాడు బాలేష్ ఒక కాగితంతో సిద్దిరాములు ఇంటికొచ్చాడు. నాగమణి తల్లి సుక్కమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది.

"రాములన్నా, గీడ సంతకం వెట్టు. ఇన్‌స్పెక్టరుకు ఇయ్యాలె. బావ పంపిండు."

వేడి చూసుకోకుండా తలుపు తీయడం కార్మికురాలి తప్పని రాసి ఉంది.

"సూడలేదా? సూసే తీసింది. లైన్లు ఎవడు తీసిండురా?"

"పూజల గంట మోగుతుంటే దానికి తాళం కొట్టమంటవా? మల్ల వెడ్దామనుకున్న. యాది మర్సిన."

"బువ్వ తినుడు మర్సినవా ఎన్నడన్న?"

బాలేష్‌కు రోషం పొడుచుకొచ్చింది. "నువ్వేం జేసినవ్? సెలవైనంక పదిహేను రోజులు ఆడనే ఉన్నవు గద. ఒక్కపారి తెరిసి సూసినవా?"

సుక్కమ్మ తలెత్తి అల్లుడి వైపు చూసింది.

సిద్దిరాములు కాగితం లాక్కున్నాడు. రాసినదంతా కొట్టేసి కింద రాశాడు: 'లైన్లు తీసినవాడు బాలేష్. తీశాక చూడనివాడు సిద్దిరాములు.' సంతకం పెట్టి బాలేష్ మొహాన కొట్టాడు.

"గిదే ఇచ్చుకో. ఇగ గీ ముచ్చట నా ముంగట ఎత్తకు, నడువ్."

"బిడ్డా, గాడేందో అంటుండు..." అంది సుక్కమ్మ.

అతను లేచి పెరట్లోకి నడిచాడు. ఆ తర్వాత ఎవరడిగినా జవాబివ్వలేదు. ఇవ్వడు కూడా.