ప్రార్థన వేళ అప్‌డేట్

“సీపీయూ మీద గుడ్డ కప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా?”

“కప్పకపోతే దుమ్ము పడదేటి? టీవీకి కప్పుతన్నాం, మిక్సీకి కప్పుతన్నాం. దీనికేటంత గొప్ప?”

ఆ గుడ్డ అంచులు మా అత్తగారు ప్రేమలీల స్వయంగా అల్లారు. అది తీసినందుకు ఆవిడ ముఖం ముడుచుకుంది.

“దానికి గాలి ఆడాలి.”

“ఈ ఇంట్లో మనుషులకే ఆడట్లేదు,” అన్నారు మా ఆయన జాన్ పాల్, పేపరు దించకుండా. ఎవరి పక్షమో తేల్చకుండా మాట్లాడటం ఆయనకు అలవాటు.

గుడ్డ మడిచి ఆవిడ చేతికిచ్చాను. వాదించే ఓపిక లేదు.

మా అమ్మాయి స్టెఫీ పుట్టినప్పుడు ఉద్యోగం మానేశాను. అది ఇంటర్‌కి వచ్చాక మళ్లీ ఒక పని దొరికింది. పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దడం. కూర్మన్నపాలెం నుంచి ద్వారకానగర్ ఆఫీసుకు నువ్వు రోజూ బస్సెక్కితే ఇల్లు ఎవరు చూస్తారన్నారు మా వాళ్లు. ఇంట్లోనే చేస్తానని ఒప్పుకున్నాను. అయితే మా డెస్క్‌టాప్‌లో కొత్త విండోస్ ఉండాలి. సోమవారానికి సిద్ధం కాకపోతే ఆ పని మరొకరికి వెళ్తుంది.

కొత్త విండోస్ ఎక్కనంది. ఎందుకో చదివి తెలుసుకున్నాను. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. స్విచ్ వేయగానే అన్నిటికంటే ముందు మేలుకుని, మెమరీ, డిస్కు, కీబోర్డు చూసుకుని, ఆ తర్వాత విండోస్‌ను లేపేది అదే. మాది బాగా పాతది. కొత్త విండోస్ అడిగే భద్రతా సెట్టింగు అందులో లేదు. బోర్డు కంపెనీ సైటులో మా మోడల్‌కు కొత్త ఫైలు ఉంది. మోడల్ పేరు చివరి అక్షరం వరకూ సరిచూసి పెన్‌డ్రైవ్‌లోకి దించాను. చిప్పులో రాస్తుండగా కరెంటు పోతే పాతదీ మిగలదు, కొత్తదీ ఉండదు. అందుకని యూపీఎస్‌కు బ్యాటరీ కూడా మార్పించాను.

శనివారం సాయంత్రం అప్‌డేట్ మొదలుపెట్టాను. తెర మీద గీత నెమ్మదిగా నిండుతోంది. “ఇది అయ్యేదాకా ఎవరూ కంప్యూటర్ ముట్టుకోవద్దు,” అని అందరికీ చెప్పి, పప్పు దించడానికి వంటగదిలోకి వెళ్లాను.

మా ఇంట్లో కుటుంబ ప్రార్థనకు ముందు చప్పుడు చేసేవన్నీ ఆపేస్తారు. టీవీ, మిక్సీ, ఆఖరికి ఫ్రిజ్ కూడా. ప్రార్థన రోజూ చీకటి పడ్డాకే. కానీ ఆ వారం మా ఆయనది సి షిఫ్టు. రాత్రికి స్టీల్ ప్లాంట్‌కు వెళ్లాలి కాబట్టి ప్రార్థన ముందుకు జరుగుతుంది. నేను ఆ సంగతి మరిచాను.

హాల్లోంచి పాట మొదలైంది. ఆ వెంటనే యూపీఎస్ కూత. కాసేపటికి కూత ఆగింది, పాట ఆగలేదు.

పరుగెత్తుకెళ్లేసరికి తెర నల్లగా ఉంది. మా ఆయన వేలు ఇంకా యూపీఎస్ బటన్ మీదే ఉంది.

“ముట్టుకోవద్దని చెప్పాను కదా!”

“నాను ముట్టలేదమ్మా. టీవీ బోర్డు స్విచ్చి కట్టీసినానంతే,” అన్నారు అత్తగారు. యూపీఎస్ ప్లగ్గు ఉన్నదీ ఆ బోర్డుకే.

“నాను మాత్రం ముట్టేనేటే? పాట మధ్యలో ఆ డబ్బా కూత్తంటే నోరు మూయించేను,” అన్నారు మా ఆయన.

“మళ్లీ ఆన్ చేత్తే అయిపోద్ది కదా మమ్మీ,” అంది స్టెఫీ.

ఆన్ చేశాను. ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు.

ప్రార్థన పూర్తయ్యేదాకా కూర్చున్నాను. చివర్లో అత్తగారు కంప్యూటర్ కోసం కూడా ప్రార్థించారు. తర్వాత బాల్కనీలోకి వెళ్లి సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేశాను. చిప్పు ఊడదీసి మళ్లీ రాయించాలి, వారం పైన పడుతుందన్నారు. యంత్రాన్ని కాసేపు ముట్టకుండా వదలలేని ఇంట్లో, రోజంతా ప్రూఫులు పట్టుకుని కూర్చున్న నన్ను ఎవరు వదులుతారు? అక్కడే నిలబడి, నాకు పని ఇచ్చిన ఇంద్రజ గారికి కూడా ఫోన్ చేశాను.

అన్నాల దగ్గర అత్తగారు నా కంచంలో పప్పు వేశారు. “పోన్లేమ్మా. ఇంటికాడ సేసుకునే పని ఇంకోటి దొరకదేటి?”

“దీన్నే చేస్తాను అత్తయ్యా. ఆఫీసులో సీటు ఖాళీగా ఉందట. సోమవారం నుంచి వెళ్తున్నాను.”

మా ఆయన ముద్ద ఆపారు. “ద్వారకానగరా? రోజూనా?”

“రోజూ.”

“మరి నా క్యారేజీ?” అంది స్టెఫీ.

“నువ్వు కట్టుకుంటావు. డ్యూటీ దిగొచ్చి టిఫిన్ మీ డాడీ చేస్తారు. మధ్యాహ్నం వంట మీ నాయనమ్మది.”

“వారం పోతే అది బాగవుద్ది కదే. అప్పుడు ఇంట్లోనే సేసుకోవచ్చు,” అన్నారు ఆయన.

“బాగైతే స్టెఫీ వాడుకుంటుంది,” అన్నాను. “నేను ఆఫీసుకే వెళ్తాను.”