నెంబర్లు లేని వీధి

ఉదయం ఆరున్నరకు జయరావు తన ఇంటి గుమ్మం మీది నెంబరు రేకును మళ్ళీ పీకేశాడు. స్క్రూడ్రైవరు పట్టుకొని పక్కింటికి పోయాడు. వీధిలో మిగతావన్నీ ఎప్పుడో పీకేశాడు, ఇక అదొక్కటే మిగిలింది.

భార్య సంతోషమ్మ పొయ్యి కట్టేసి వచ్చేసరికి పక్కింటి దేవకమ్మ చీపురుతో వాకిట్లో నిలబడి ఉంది.

"ఏమబ్బా జయరావూ, మా నెంబరు నీ కంట్లో గుచ్చుకుంటా ఉండాదా?"

"ఒక్కటి మిగిలినా సాలక్కా. దాన్ని పట్టుకొని కడమ ఇండ్లన్నీ లెక్కేసుకుంటా వస్తారు."

"ఎవురు?" అంది సంతోషమ్మ. "ఈ తిరపతిలో నీ కోసరం గ్యాసోడు తప్ప ఎవురొస్తారు?"

జయరావు రేకులు రెండూ లుంగీ మడతలో దోపుకొని స్నానానికి పోయాడు.

1990లో అతను కువైట్ నగరంలో ఒక ఇంటి డ్రైవరు. ఆగస్టులో ఇరాక్ సైన్యం ఊరిని పట్టుకుంది. సైనికులు చిరునామాలు పట్టుకొని మనుషుల కోసం వెతుకుతుంటే, వీధివాళ్ళు గేట్ల మీది నెంబర్లన్నీ తీసేశారు. నిచ్చెన పట్టుకున్నది జయరావు. ఒక గోడ మీది నెంబరు రాతిలో చెక్కి ఉండటంతో మిగిలింది. సైనికులు దాని దగ్గర మొదలుపెట్టి, గేట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చి, యజమాని కొడుకును తీసుకుపోయారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఊరు విడుదలైంది. జెండాలు కట్టారు, నెంబర్లు మళ్ళీ బిగించారు. కొడుకు రాలేదు.

పెళ్ళైనప్పటి నుంచీ వింటున్న సంతోషమ్మకు జాలిపడే ఓపిక అయిపోయింది. పోయిన ఏడు అతనికి గుండెపోటు వచ్చింది. నాలుక కింద పెడితే నిమిషంలో కరిగే మాత్రలిచ్చి, మళ్ళీ నొప్పి వస్తే ఒకటి పెట్టి వెంటనే అంబులెన్సు పిలవమన్నాడు డాక్టరు. అందుకని ఆమె రేకు కొట్టిస్తుంది. అతను పీకుతాడు.

పదకొండుకు అలిపిరి దగ్గరి లాడ్జి నుంచి మేనేజరు గిరిప్రసాద్ ఫోన్ చేశాడు. జయరావు అక్కడ వాచ్‌మన్.

"పెండ్లోళ్ళు వచ్చి పెండ్లికొడుకు ఏ రూములో ఉండాడని అడిగితే, అట్టాటోడు ఈడ లేడన్నాడంట మీ ఆయన. ముహూర్తం టయానికి వాళ్ళు రోడ్డు మీద నిలబడినారమ్మా!"

"నాకు సెప్తే ఏం లాభం సార్? నేనూ ముప్పై ఏండ్లుగా మొత్తుకుంటానే ఉండా."

మధ్యాహ్నం జయరావు ముందుగానే ఇంటికి వచ్చాడు. పనిలోంచి తీసేశారనుకొని ఆమె తిట్టబోయింది. అతను చొక్కా గుండీలు విప్పుకుంటూ మంచం మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. ఆమె అంబులెన్సుకు ఫోన్ చేసింది.

కాసేపటికి డ్రైవరు తిరిగి ఫోన్ చేశాడు.

"మీ వీధిలోనే ఉండామమ్మా. ఒక్క ఇంటికీ నెంబరు లేదే, యాడని సూసేది?"

సంతోషమ్మ చెప్పులు లేకుండా పరుగెత్తింది. వీధి నడిమధ్య నిలబడి "ఈడ! ఈడ!" అని చేతులు ఊపింది.

స్ట్రెచరు లోపలికి వచ్చేసరికి జయరావు గోడకు ఒరిగి ఉన్నాడు. నర్సు నాడి చూసింది. కళ్ళు చూసింది. నోరు తెరిచి చూసి, ప్రాణం పోయిందంది. బయటికి పరుగెత్తే ముందు సంతోషమ్మ అతని నాలుక కింద పెట్టిన మాత్ర కరగకుండా అలాగే ఉంది.