రమ్య కాళ్లకు వేసవి సెలవలు

పదకొండున్నరయినా రెండో ఫోటో తియ్యలేదు. చెరువు పూడిక తీసే చోట సిగ్నల్ అందదు. కూలీల హాజరు వేసే మేటు సాగర్ ఫోను పైకెత్తి పట్టుకొని కట్ట మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఉపాధి పనిలో ఆ ఫోటోలో మొహం పడితేనే కూలి. పొద్దున్నుంచి ఎన్ని తట్టలు మోసినా ఫోటోలో లేని మనిషి పనికి రానట్టే లెక్క. ఎలీషబా మొహం మీది కొంగు తీసేసి సిద్ధంగా నిలబడింది. మనసు మాత్రం ఊళ్లో, గొళ్లెం పెట్టి వచ్చిన ఇంట్లో ఉంది.

"సాగరూ, నన్ను ముందు తియ్యి నాయనా. బిడ్డ ఒక్కతే ఉండాది."

"అందర్నీ కలిపే తియ్యాలక్కా. ఒక్కరికి తీస్తే యాప్ ఒప్పుకోదు. నేనేం జేసేది?"

ఫోటో పడేసరికి పన్నెండయింది. ఎలీషబా పార భుజాన వేసుకొని ఇంటిదాకా పరుగులాంటి నడక నడిచింది. మే నెల ఎండకు నేల పెనంలా కాలుతోంది.

ఎనిమిదేళ్ల రమ్య మంచం మీద లేదు. నడుముకు కట్టిన పాత చీరముక్క సాగినంత మేర జారి, మంచంకోడు పక్కన నేల మీద పడి ఉంది. గౌనంతా తడి. తల్లిని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎలీషబాకు ఏడుపొచ్చింది. కూర్చొని ఏడ్చే తీరిక లేదు కాబట్టి ముడి విప్పి, బిడ్డను కడిగి, గౌను మార్చింది. నడుం చుట్టూ వాత తేలి ఉంది.

కన్నబిడ్డను కట్టేస్తావా అని అడిగేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఒక్క పూట మేం చూస్తాంలే అనేవాళ్లే లేరు. మొదటి రోజు పని దగ్గరికి ఎత్తుకుపోతే వడదెబ్బ తగిలి పిల్లకు ఫిట్స్ వచ్చాయి. మొగుడు జాన్సన్ హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయాడు, క్రిస్మస్‌కు గానీ రాడు. తవ్విన మట్టి కొలత సరిగ్గా పడితే రోజుకు మూడొందలిచ్చే పని ఈ ఎండాకాలంలో ఇదొక్కటే.

పుట్టినప్పటి నుంచీ రమ్య కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. రెండేళ్లుగా ఎలీషబా వారానికి మూడు రోజులు పిల్లను చంకనేసుకొని, ఆటోలో మండలంలోని దివ్యాంగ పిల్లల సెంటరుకు తిప్పింది. అక్కడ పిల్లల కాళ్లకు వ్యాయామం చేయించే శ్యామల మేడం ఉంటుంది. నడక నేర్పడానికి నడుమెత్తున రెండు ఇనప కడ్డీలు ఉంటాయి. ఆ కడ్డీలు చెరో చేత్తో పట్టుకొని రమ్య కిందటి డిసెంబరులో నాలుగు అడుగులు వేసింది. మార్చికల్లా పన్నెండు వేసింది. ఏప్రిల్ ఆఖరున బడులతో పాటు సెంటరుకూ సెలవలిచ్చారు. బిగుసుకుపోయే నరాలు సెలవలు తీసుకుంటాయా అని ఎవరూ ఆలోచించలేదు. మూడు వారాలకే మోకాళ్లు మళ్లీ వంగాయి.

ఆ మధ్యాహ్నమే శ్యామల మేడం స్కూటీ మీద వచ్చింది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, మే నెలకు జీతం లేదు. అయినా మనసు ఒప్పక వచ్చింది. రమ్య మోకాలి కింద చెయ్యి పెట్టి మెల్లగా చాపబోయింది. పిల్ల కెవ్వుమంది.

"ఇంట్లో చేయించడం లేదా ఎలీషబా?"

"ఒక్కదాన్ని రెండు కాళ్లు ఎట్ల పట్టేది మేడం? ఒకటి చాపితే ఒకటి ముడుచుకుంటాది."

"జూన్ పన్నెండు దాకా సెంటరు తియ్యరు. ఇట్లనే వదిలేస్తే గట్టిపడతయ్. ఆ తర్వాత ఆపరేషనే." మేడం గొంతు తగ్గించింది. "ఒక పని చేద్దాం. చుట్టుపక్కల ఊళ్లల్లో ఇట్లాంటి పిల్లలు రమ్యతో కలిపి ఐదుగురుండారు. హాలొకటి దొరికితే కడ్డీలు ఆటోలో తెప్పిస్తా. పొద్దున పూట నేను చూసుకుంటా, మీరు పనికి పోవచ్చు. మీ చర్చి వారమంతా ఖాళీయే గదా. అయ్యగార్ని అడుగు."

ఎలీషబా తల దించుకుంది. మేడంకు తెలియని సంగతి ఒకటుంది.

జనవరి మొదటి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పుకునే రోజు. ఎలీషబా మైకు ముందు నిలబడి, "నడవని నా బిడ్డను ప్రభువు నడిపించినాడు" అంది. సెంటరు ఊసెత్తలేదు, మేడం పేరెత్తలేదు. అబద్ధమాడాలని కాదు. సాక్ష్యంలో డాక్టరు పేరు, మందు పేరు చెప్పే ఆనవాయితీ లేదు. చెబితే దేవుడికి పోవాల్సిన మహిమ మనిషికి పోతుందంటారు. ఆమె సెంటరుకు తిరగడం ఊరందరికీ తెలుసు గానీ, అక్కడేదో బియ్యమో పింఛనో ఇస్తారనుకున్నారు. అప్పటిదాకా "ఏం పాపం చేసిందో" అని గొణిగిన నోళ్లే ఆ రోజు, పిల్ల నడక కళ్లతో చూడకుండానే, స్తోత్రం అన్నాయి. మర్నాటి నుంచి ట్యాంకరు దగ్గర ఆమె బిందెకు చోటిచ్చారు. మర్యాద ఎవరికి చేదు? ఏరు దాటకముందే తెప్ప తగలేసుకున్నానని ఎలీషబాకు ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం చర్చి పాస్టరు రాజరత్నం అయ్యగారి ఇంటికి పోయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఊరికి వచ్చిన కొత్తలో సైకిలు మీద తిరిగి చందాలెత్తి, రేకుల షెడ్డును శ్లాబు హాలు చేసినవాడు. వేసవిలో పిల్లలకు నడిపే బైబిలు బడి ఆదివారంతో ముగుస్తుంది. ఆ సభ కోసం రంగు కాగితాలు కత్తిరిస్తున్నాడు.

ఎలీషబా సంగతి చెప్పింది. ఆయన నవ్వాడు.

"దేవుడు నడిపించిన బిడ్డకు ఇనప కడ్డీలెందుకమ్మా?"

"కాళ్లు మళ్లీ ముడుచుకపోయినయ్ అయ్యగారూ."

కత్తెర ఆగింది. ఆయన లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు.

"ఈ మాట ఇంకెవరితోనన్నా అన్నావా? ఆదివారం ఒంగోలు నుంచి సంఘం పెద్దోళ్లు వస్తన్నారు. నీ సాక్ష్యం సెల్లులో విన్నారు. బిడ్డ నడక కళ్లారా చూసి, చర్చి ముందర బోరు వేయిస్తామన్నారు. బిందెడు నీళ్లకు కొట్టుకు చచ్చే ఊరమ్మా మనది. ఇప్పుడు నడవలేదంటే నిన్నంటారా, నన్నంటారా? దేవుణ్ణే అంటారు."

"మరి హాలు?"

"ముందు బోరు పడనీ. నాలుగడుగులు చాలు. చంకల కింద చేతులేసి నువ్వే నడిపించు. పొడుగు గౌను వెయ్యి, కాళ్లు కనపడవు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే ఊరికి బోరు రాదు. నాటకమాడితే నడిచే పిల్లకు కడ్డీలెందుకని ఆ హాలు ఎప్పటికీ దొరకదు. మూడు సాయంత్రాలు ఎలీషబా బిడ్డను చంకల కింద పట్టుకొని ఇంట్లో నడిపించి చూసింది. రమ్య కాలివేళ్లు నేలకు రాసుకొని తోలు లేచింది. ట్యాంకరు దగ్గర కోటమ్మ, "ఇంక ఈ బిందెల గోల తప్పుద్ది. అంతా నీ బిడ్డ చలవే వదినా" అంది. ఎలీషబా నీళ్లు పట్టుకొని వచ్చేసింది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. ముందు కుర్చీల్లో ఒంగోలు అతిథులు కూర్చున్నారు. హాలు సంగతి ఏమైందో కనుక్కుందామని వచ్చిన శ్యామల మేడం వెనక చాప మీద కూర్చుంది. పిల్లలు వాక్యాలు అప్పజెప్పారు, పాటలు పాడారు. అప్పుడు అయ్యగారు మైకు అందుకొని, "మన రమ్య ఇప్పుడు మీ అందరి ముందర నడుస్తది" అన్నాడు.

ఎలీషబా బిడ్డను వేదిక మీదికి ఎత్తుకుపోయి నిలబెట్టింది. ఐదారు సెల్లులు పైకి లేచాయి. నడవమంటున్నారని రమ్యకు అర్థమైంది. హుషారుగా, సెంటర్లో చేసినట్టే, రెండు చేతులూ పక్కలకు చాచి కడ్డీల కోసం తడుముకుంది. కుడిపక్క దొరకలేదు. ఎడమపక్క దొరకలేదు. తల తిప్పి తల్లి మొహంలోకి చూసింది.

చేతులు చాచి దేవుణ్ణి స్తుతిస్తోందనుకున్నారు జనం. "స్తోత్రం!" అని ఎవరో కేక వేశారు. హాలంతా చప్పట్లు మోగాయి.

"నడిపించమ్మా" అన్నాడు అయ్యగారు, మైకు పక్కకు జరిపి.

ఎలీషబా బిడ్డను మెల్లగా కింద కూర్చోబెట్టింది. పొడుగు గౌను మోకాళ్ల పైకి జరిపింది. వంగిపోయిన కాళ్లు, తోలు లేచిన వేళ్లు అందరికీ కనిపించాయి. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"నడవదు" అంది. "డిసెంబర్లో నడిచింది. దేవుడి దయ లేదని నేననను. నేర్పించింది మాత్రం అదిగో, ఆ వెనక కూచున్న మేడం. ఆమె పేరు ఆ రోజు నేను చెప్పలా, తప్పు నాదే. సెంటరు మూసినారు, నా బిడ్డ నడక పోయింది. పనికి పోతా దీన్ని మంచానికి కట్టేసి పోతన్నా. పక్క ఊళ్లల్లో ఇంకో నలుగురు తల్లుల గతి గూడా ఇదే. బోరు వేస్తారో లేదో మీ ఇష్టం. రేపట్నుంచి ఈ హాల్లో ఆ కడ్డీలు పెట్టనియ్యండి."

అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ల వరసలోంచి, "మా నోట్లో మన్ను కొట్టినావు గదే" అని కోటమ్మ గొంతు లేచింది. పాట ఎత్తుకోమని ఎవరో పిల్లలకు సైగ చేశారు. పిల్లలు రమ్య కాళ్ల వంకే చూస్తున్నారు.

"చాల్లే. వచ్చి కూచో ఎలీషబా" అన్నాడు అయ్యగారు, ఈసారి మైకులోనే.

ఎలీషబా కూర్చోలేదు.