రెండో కాగితం

దనూతా అట్ల కోసం బంగాళాదుంపలు తురుముతుంటే భర్త రోమన్ వంటింట్లోకి వచ్చి, తడి బల్లమీదే రెండు కాగితాలు పెట్టాడు. "సాయంత్రానికి టైపు చేసి పెట్టు. తప్పులుంటే దిద్దు."

అడగడం కాదు, చెప్పడం. ముప్పై ఏళ్లుగా అంతే. అతను ఊరి కౌన్సిల్ సభ్యుడు, ఆమె బడిలో గుమాస్తా. అతని ఉపన్యాసాలన్నీ, ఆమె బడి నుంచి వచ్చి వంట ముగించాక, ఆమె వేళ్లమీదుగానే బయటికి వెళ్లేవి. నాలుగేళ్ల కిందట "మన ఊళ్లో స్వలింగ సంపర్కుల భావజాలానికి చోటు లేదు" అన్న తీర్మానాన్ని కూడా ఆమే టైపు చేసింది. కామాలు సరిచేసింది. పక్క గదిలో కూతురు మాల్వీనా ఉందని తెలుసు. ఆ పిల్ల ప్రేమించేది ఇంకో అమ్మాయినని కూడా, ఎవరూ చెప్పకుండానే తెలుసు. అయినా చేసింది. వారం తిరక్కుండా మాల్వీనా రాజధాని వార్సాకి వెళ్లిపోయింది. "పీడ వదిలింది, ఇక నలుగురిలో తలెత్తుకు తిరగొచ్చు," అంది అత్తగారు లెయోకాద్యా, సూపులో ఉప్పు తక్కువైందన్న గొంతుతోనే.

పోయిన ఆదివారం ఎన్నికల్లో రోమన్ పార్టీకి పోలండ్‌లో అధికారం చేజారింది. ఆ వెంటనే మాల్వీనా ఫోన్. "అమ్మా, పోయారుగా! ఇక ఆ గొడవంతా సద్దుమణిగినట్టేగా? పునీతుల పండక్కి జుజాన్నాని తీసుకురానా?" జుజాన్నా అంటే వార్సాలో మాల్వీనా కలిసి ఉంటున్న అమ్మాయి. నాలుగేళ్లలో ఆ గొంతులో అంత వెలుగు ఎప్పుడూ వినలేదు దనూతా. రమ్మంది.

ఇప్పుడు చేతులు తుడుచుకుని మొదటి కాగితం చదివింది. ఆ తీర్మానం రద్దు. గుండె తేలికైంది. "నిజంగానే తీసేస్తున్నారా?"

"తీయకపోతే రోడ్లకి పైనుంచి నిధులు రావట. కాగితమేగా, పోతే పోయింది."

రెండోది, వసంతంలో జరిగే ఊరి ఎన్నికలకి కరపత్రం. 'మీ పిల్లలమీద వాళ్ల కన్ను పడింది. కాపాడేది మేమే.' తీర్మానంలో మాటలే, ఇంకాస్త పదునుగా.

"ఓడిపోయారు కదా రోమన్, ఇంకా ఎందుకిది?"

"ఓడింది వార్సాలో. ఇక్కడ కాదు. మన వీధిలో ఎవడు మారాడో చెప్పు? రోడ్ల గురించి మాట్లాడితే పదిమంది వస్తారు. దీని గురించి మాట్లాడితే హాలు నిండుతుంది."

"పండక్కి మాల్వీనా వస్తోంది. జుజాన్నాతో."

అతను కాగితాలమీది తడి తుడిచాడు. "ఎవరైనా అడిగితే స్నేహితురాలని చెప్పు. రాత్రికి మాత్రం ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

సాయంత్రం ఆమె మొదటి కాగితం టైపు చేసింది. రెండోది ఎలా ఉన్నదో అలాగే తిరిగిచ్చింది. "ఇది నేను చెయ్యను."

"ఏమైంది నీకు?"

"ఏమీ కాలేదు. ఇది చెయ్యను, అంతే."

ఇస్త్రీపెట్టె ఉన్నట్టుండి ఎదురు చెప్పినట్టు చూశాడు రోమన్.

కరపత్రం ఆగలేదు. ఎవరో టైపు చేసిపెట్టారు. నవంబరు ఒకటిన, ఊరంతా తమవాళ్ల సమాధులకి దీపాలు పెట్టే పునీతుల పండగనాడు, శ్మశానం బయట నిలిపిన ప్రతి కారు అద్దంమీదా అదే. మాల్వీనా ఒకటి తీసి చదివి, మడిచి జేబులో పెట్టుకుంది. ఆ తరవాత జుజాన్నా చెయ్యి వదిలేసింది.

మామగారి సమాధిమీద చామంతులు సర్దుతుంటే, రోమన్‌తోపాటు కౌన్సిల్లో ఉన్న గావ్లిక్ భార్య ఆగింది. "ఈ అమ్మాయెవరు దనూతా? ఎప్పుడూ చూళ్లేదే?"

"నా స్నేహి..." అని మొదలుపెట్టింది మాల్వీనా. రోమన్ దీపం వత్తివైపే చూస్తున్నాడు. కూతురి గొంతులోని ఆ బెదురు తన చేతుల్లో తయారైందేనని దనూతాకి తోచింది.

"మా మాల్వీనా, ఈ అమ్మాయీ కలిసి కాపురం ఉంటున్నారు," అంది. "పేరు జుజాన్నా."

ఆవిడ సిలువ గుర్తు వేసుకుని గబగబా వెళ్లిపోయింది. రోమన్ తన తల్లి చెయ్యి పట్టుకుని కారువైపు నడిచాడు. "పిల్లని కాదురా, నీ పెళ్లాన్ని అనాలి," అంటూ వెళ్లింది లెయోకాద్యా, అందరికీ వినపడేలా.

కాసేపటికి గేటు దగ్గర రోమన్ కారు హారన్ మోగింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ చప్పుడుకి చేతిలో పని వదిలేసి పరిగెత్తేది దనూతా. మళ్లీ మోగింది. ఆమె చివరి చామంతి కుండీని మట్టిలోకి గట్టిగా అదిమి, మోకాళ్లు దులుపుకుని లేచింది.

"జుజాన్నా, మీ ఇంట్లో ఇంకొకరు పడుకోవడానికి చోటుంటుందా అమ్మా?"